ఒకటి నుంచి అయిదు దాకా

బుధవారం ఉదయం పది కావడానికి పది నిమిషాలుంది. సీఐ మల్లేష్ బల్ల మీది కాగితాన్ని వేలితో ముందుకు తోశాడు.

"చూసుకోండి ఓబులేసు గారూ. హత్యకు కారణం అంకెల్లోనే ఉంది. నేను చెప్పక్కర్లేదు."

ఓబులేసు కాగితం కంటే ముందు దాన్ని తోసిన వేలిని చూశాడు. ముప్పై నాలుగేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, ఎస్సైగా రిటైరై, మార్కాపురంలో పలకల దుకాణం మీది గదికి డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకున్న మనిషి. మనుషులు వద్దనుకున్నది దాచడం, కావాలనుకున్నది ముందుకు తోయడం చూసి చూసి అతని కళ్లు అలాగే అలవాటు పడ్డాయి.

తర్లుపాడుకు ఇవతల గట్టుకిందపల్లె. అక్కడి బోర్లలో ఫ్లోరైడు. పిల్లల పళ్లు పచ్చబడతాయి, నలభై ఏళ్లకే మోకాళ్లు వంగవు. ఒక ట్రస్టు వాళ్లు ఊరికి మంచినీళ్ల ప్లాంటు ఒకటి ఇస్తామన్నారు. కొత్త బోరు వేసి, దాని పక్కనే ప్లాంటు కట్టాలి. చోట్లు మూడు తేలాయి: బస్సులు ఆగే రోడ్డు పక్క, స్కూలు వెనక, కాలనీని ఆనుకున్న పాత పలకరాయి గని గట్టు. ఏది మేలో తేల్చడానికి నలుగురితో కమిటీ వేసి, మార్కుల పట్టిక ఇచ్చారు. నీళ్లు, దూరం, తగాదా లేకపోవడం, కరెంటు. ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కు. అంటే ఒక్కో చోటుకు ఒక్కో మనిషి ఇరవై దాకా వేయొచ్చు.

సోమవారం పదకొండింటికి మార్కులు వేశారు. మంగళవారం తెల్లవారాక, కమిటీలో ఒకామె, అరవై దాటిన చిన్నమ్మ, గని గుంటలో శవమై తేలింది. శవాన్ని మొదట చూసి కేకలు పెట్టిన జాకబ్ కూడా కమిటీ మనిషే. సాయంత్రం నాలుగింటికి మల్లేష్ అతన్నే అరెస్టు చేశాడు.

"ఇది జాకబ్ వరస," మల్లేష్ పెన్ను పెట్టి చూపించాడు. "రోడ్డుకు ఎనిమిది, స్కూలుకు పదకొండు, గని గట్టుకు ఇరవైకి ఇరవై. వాడి కాలనీ కదా. ఇది బస్టాపులో టీ హోటలు మాలకొండమ్మ. రోడ్డుకు ఇరవై, స్కూలుకు తొమ్మిది, గట్టుకు ఏడు. ఇది కమిటీ అధ్యక్షుడు సుబ్బన్న, పాత గని కాంట్రాక్టరు. పద్దెనిమిది, పద్దెనిమిది, నాలుగు. ఇప్పుడు చిన్నమ్మను చూడండి. రోడ్డుకు ఇరవై, స్కూలుకు పదహారు, గట్టుకు నాలుగు. నాలుగు గడుల్లోనూ ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి. మొత్తం మీద రోడ్డుకు అరవై ఆరు. గట్టుకు ముప్పై అయిదు. జాకబ్ గాడి ఆశ మీద ముసలామె మన్ను పోసింది."

"దానికి చంపుతారా?"

"సోమవారం ఆరింటికి కుళాయి కాడ ఆమెను నిలేసినాడు. పన్నెండు మంది సాక్షులు. పైగా పాత పగ. పంతొమ్మిదేళ్ల కింద ఆమె మొగుడు గురవయ్య వీడి తల్లి దయామణిని లేపుకుని పోయినాడు. ఆ కాగితం మీకు బాగా తెలుసుగా?"

తెలుసు. ఆ రోజుల్లో ఆ స్టేషన్ రైటరు ఓబులేసే. 'ఇద్దరూ ఇష్టపడి ఊరు విడిచి వెళ్లారు, విచారణ అవసరం లేదు' అన్న వాక్యం అతని చేతిరాతే. అతను మాట మార్చాడు.

"కోర్టుకు ఎన్నింటికి?"

"నాలుగు లోపల పెట్టాలి. మూడున్నరకు జీపు కదులుతుంది. ఈ లోపల మీ బోర్డుకు పని దొరికితే చూసుకోండి. రిటైరైనా ఖాకీ దురద పోదంటారు, నిజమే."

"దురద నాది. గోకినప్పుడు తేలేది నీ పరువు. ఈ పట్టిక నకలు ఒకటియ్యి. ఒక్క మాట జాకబ్‌తో మాట్లాడి పోతా."

జాకబ్‌కు ఇరవై ఎనిమిదేళ్లు. సెల్లు కమ్మీల వెనక గోడకు ఆనుకుని ఉన్నాడు. బయట బల్ల మీద అతని భార్య ఫెబీ, ఏడో నెల కడుపుతో, అన్నం క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మొగుణ్ని విడిపించమని ఓబులేసు దగ్గరికి వచ్చింది ఆమే.

"కుళాయి కాడ చిన్నమ్మను ఏమన్నావు?" ఓబులేసు కమ్మీల దగ్గర నిలబడి జాకబ్‌ను అడిగాడు.

"పెద్దమ్మా, మా గట్టుకు ఒకటేసినావంట గదా అన్నా."

"దానికామె?"

"నవ్వింది పెదనాయనా. అదే నాకు కాలింది. 'ఒకటి గాక ఇంకేం వేస్తార్రా? నాలుగిట్లోనూ ఒకటే ఏసినా పో' అనింది. నా కడుపు మండి బిందె తన్నినా. అంతే."

"నవ్విందా?"

"నవ్వింది. గర్వంగా నవ్వింది. మా అమ్మ పోయినాక తొమ్మిదేళ్లోడ్ని, ఆమె చేతి కూడు తిని పెరిగినోడ్ని. నన్ను ఎగతాళి చేసినట్లుండింది."

ఓబులేసు బయటికి వచ్చాడు. ఫెబీ లేచి నిలబడింది.

"పెదనాయనా, ఈయన జైలుకు పోతే కానుపుకు నాకెవరూ లేరు. ప్రార్థన చేస్తానే ఉండా."

"నువ్వు చేస్తా ఉండు. నేను వేరే పని చూస్తా."

చిన్నమ్మ ఇంట్లో మనవరాలు లక్ష్మీప్రియ ఒక్కతే ఉంది. మార్కాపురంలో డిగ్రీ రెండో సంవత్సరం. కళ్లు వాచి ఉన్నాయి కానీ మాట తడబడలేదు.

"సోమవారం సాయంత్రం మీ అవ్వ ఇంటికొచ్చి ఏమనింది?"

"జాకబ్ మామ బిందె తన్నినాడు, వానికేం పుట్టింది అనింది. ఏమైందే అవ్వా అంటే, గట్టుకు ఒకటేసినా, ఒకటో రకం వేసినా, అయినా కోపమెందుకు అనింది. నాకు తల తిరిగింది తాతా."

"ఒకటో రకమా?"

పిల్ల లేచి గోడ పక్కనున్న పలకలు తెచ్చింది. చిన్నమ్మ ముప్పై ఏళ్లు పలకల షెడ్డులో రకాలు ఏరే పని చేసింది. ఏరిన ప్రతి కట్ట పైపలక మీద సుద్దతో అంకె వేయాలి. మచ్చ లేని నున్నటి పలకకు ఒకటి. సన్న చార ఉంటే రెండు. అట్లా దిగుతూ దిగుతూ పోయి, అంచు విరిగి పారబోసేది అయిదు.

"బడి మొహం చూడలేదు మా అవ్వ. మార్కులంటే ఏందో ఆమెకెవరు చెప్పినారు? అయిదు అంటే పారబోసేది. అందుకే రోడ్డుకు అయిదులేసింది. కాలనీలో కడుపుతో ఉన్నోళ్లు అంతదూరం బిందెలు మోస్తారా అని ఆమె బాధ."

ఓబులేసు జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీద లెక్క వేశాడు. చిన్నమ్మ అంకెలు తిరగేస్తే రోడ్డుకు నాలుగు, స్కూలుకు ఎనిమిది, గట్టుకు ఇరవై. మొత్తం రోడ్డుకు యాభై. స్కూలుకు నలభై ఆరు. గట్టుకు యాభై ఒకటి.

ఒక్క మార్కు తేడా. గని గట్టు గెలుస్తుంది.

"ఆమెకు తప్పు తెలిసినాక?"

"నెత్తీ నోరూ కొట్టుకుంది. అప్పుడే ట్రస్టు సారు కృపాకర్‌కు ఫోన్ చేయించింది. ఏడూ ఇరవై. నా ఫోనే, చూడు. సారు పొద్దున ఎనిమిదింటికి వచ్చి అందరి ముందూ దిద్దుతానన్నాడు. అవ్వ పొద్దున ఆరింటికి మేకకు ఆకు రొడ్డ కోసుకొస్తానని కొడవలి తీసుకుని గట్టుకు పోయింది. ఎప్పుడూ పోయేదే."

"ఇదంతా సీఐకి చెప్పినావా?"

"ఆయన మా గడప తొక్కలేదు తాతా. అవ్వ పేరు, వయసు ఒక కానిస్టేబుల్ రాసుకుని పోయినాడు."

"ఇంకెవరికైనా?"

"లేదు. చచ్చిపోయినామె తప్పు ఊరికి చెప్పాలంటే నాకు నోరు రాలేదు."

"ఇంకో రెండు గంటలు అట్లనే ఉండు. ఎవరడిగినా చెప్పొద్దు."

పదకొండూ ఇరవై. స్కూలు వరండాలో కృపాకర్ దొరికాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. ఒంగోలు మనిషి. మెడలో ట్రస్టు కార్డు, చేతిలో ట్యాబు. ఓబులేసు పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు. అంత మర్యాద అవసరం లేదు.

"మార్కులు వేసే ముందు అయిదు ఎక్కువని, ఒకటి తక్కువని చెప్పినారా?"

"మార్కులంటే ఎక్కువే మంచిదని ఎవరికి తెలీదు సార్? ఒకటి నుంచి అయిదు దాకా వేయండి అన్నాను. పద్ధతి అంతే. పదకొండు ఊళ్లలో చేశాను. తేడా రాలేదు."

"వచ్చిందో లేదో మీకెట్ల తెలుసు?"

అతను మెడలోని కార్డును అటూ ఇటూ తిప్పాడు.

"సోమవారం ఏడూ ఇరవైకి చిన్నమ్మ ఫోన్ చేసింది. పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

"నా ఉద్యోగం సార్. పద్ధతి సరిగా చెప్పలేదని రిపోర్టు పోతే..."

"ఆమె ప్రాణం పోయింది. రేపు ఇంకొకడి బతుకు పోతుంది. మీరింకా రిపోర్టు గురించే చెప్తున్నారు. ఈ మాట ఎవరికైనా చెప్పినారా?"

"లేదు."

చాలా తొందరగా చెప్పాడు. చెప్పాక ట్యాబు వైపు చూశాడు. ఓబులేసు ఆ అబద్ధాన్ని అక్కడే వదిలేశాడు. తర్వాత పనికొస్తుంది.

"శనివారం మీ సర్వేయరు మూడు చోట్లా బోరు పాయింట్లు పెట్టినాడు కదా. ఫోటోలుంటే చూపించండి."

ఉన్నాయి. గని గట్టు ఫోటోలో బోరు గుర్తుగా ఎర్రరంగు పూసిన కొయ్య గూటం, దాని ఎడమ పక్క తంగేడు పొద, వెనక పనికిరాని పలకరాళ్ల దిబ్బ. ఓబులేసు ఆ ఫోటోను తన ఫోనుకు పంపించుకున్నాడు.

"ఒంటిగంటకు గని కాడికి రండి. రాకపోతే సీఐని పంపుతా."

గని గట్టు మీద మల్లేష్ కట్టించిన తాడు కాలనీ వైపుంది. చిన్నమ్మ అక్కడి నుంచే పడిందని అతని లెక్క. తాడు పక్కన కాపలా కానిస్టేబుల్ నీడ చూసుకుని నిద్రపోతున్నాడు. గుంట ముప్పై అడుగుల లోతు. అడుగున నల్లటి నీళ్లు. ఎండాకాలంలో కూడా ఆ నీళ్లు తగ్గవని పిల్లలకూ తెలుసు.

ఓబులేసు తాడు వైపు పోలేదు. రొడ్డ ఎక్కడుందో చూశాడు. మోపు విడిపోయి, సుబాబుల్ రెమ్మలు చెల్లాచెదురై, గుంట అంచునే తాడుకు పాతిక అడుగుల అవతల, దిబ్బ మొదట్లో పడి ఉన్నాయి. కొడవలి అక్కడే. మేకకు కోసిన మేతను ఎవరూ విసిరిపారేయరు. చేతిలోంచి ఊడితేనే పడుతుంది.

ఎర్ర గూటం ఉంది. కానీ తంగేడు పొద దాని పక్కన లేదు. పొద పన్నెండు అడుగుల దూరంలో, రొడ్డ పడిన చోట ఉంది.

ఫోనులో ఫోటో తెరిచి పొద పక్కన నిలబడ్డాడు. కాళ్ల దగ్గర నేల అంతా రాతిముక్కలే. ఒక్కచోట మాత్రం ముక్కలు మట్టి అంటిన వైపు పైకి తిరిగి ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే తీశాడు. గూటం దిగిన బొరియ. దాన్ని చేత్తో ముక్కలు కుక్కి మూశారు. ఆరో ముక్క కింద రెండు సుబాబుల్ ఆకులు. నలిగాయి, వాడాయి, ఇంకా పచ్చదనం పోలేదు.

ఆకులు ముందు పడ్డాయి. ముక్కలు తర్వాత పడ్డాయి.

అంటే చిన్నమ్మ రొడ్డతో ఇక్కడ నిలబడినప్పుడు ఆ బొరియ తెరిచే ఉంది. ఆమె పడ్డాక దాన్ని ఎవడో తీరిగ్గా పూడ్చాడు. గూటాన్ని పన్నెండు అడుగులు జరిపాడు. సోమవారం సాయంత్రం దాకా గట్టు ఓడిపోయిన చోటు. ఓడిన చోట గూటం ఎక్కడుంటే ఎవడికేం? గట్టు గెలవబోతోందని, ఇక్కడ తవ్వుతారని తెలిసినవాడికే గూటం జరపాల్సిన అవసరం.

ఓబులేసు మళ్లీ పట్టిక నకలు విప్పాడు. ఈసారి మొత్తాలు చూడలేదు. మనుషుల్ని చూశాడు. జాకబ్ తన చోటుకు ఎక్కువ వేసుకున్నాడు. మాలకొండమ్మ తన హోటలుకు దగ్గరగా వేసుకుంది. స్వార్థమే, కానీ అర్థమయ్యే స్వార్థం. సుబ్బన్న వరస అలా లేదు. రోడ్డుకు పద్దెనిమిది, స్కూలుకు పద్దెనిమిది. ఆ రెంటిలో ఏది గెలిచినా అతనికి ఒకటే. ఒక్క గట్టుకే నాలుగు గడుల్లో నాలుగు ఒకట్లు. అతనికి కావలసిన చోటు లేదు. వద్దనుకున్న చోటు ఉంది.

నీళ్ల గడిలో కూడా ఒకటే. ఎన్నడూ ఎండిపోని గనికి.

ఓబులేసు ఆకుల్ని కాగితంలో మడిచి జేబులో పెట్టుకుని మల్లేష్‌కు ఫోన్ చేశాడు.

"అరగంట కోసం రా. సుబ్బన్నను కూడా పిలిపించు, కమిటీ అధ్యక్షుడిగా సంతకం కావాలని చెప్పు."

"నేను మీ కింద కానిస్టేబుల్‌నా?"

"కాదు. అందుకే బతిమాలుతున్నా. రేపు కోర్టులో లాయరు ఈ గూటం ఫోటో చూపిస్తే నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావో చూసుకో."

ఒంటిగంటా పదిహేనుకు జీపు వచ్చింది. మల్లేష్ దిగాడు. వెనకే బండి మీద సుబ్బన్న. డెబ్బైకి దగ్గర పడినా నిటారుగా ఉంటాడు, తెల్ల చొక్కా, భుజాన తుండు. కృపాకర్ అప్పటికే తంగేడు పొదకు దూరంగా నిలబడి ఉన్నాడు.

"ఏంది ఓబులేసూ, ఎండలో పంచాయితీ?" సుబ్బన్న నవ్వుతూ వచ్చాడు. "జాకబ్ గాడి తరఫున వచ్చినావంట. తల్లి బుద్ధే వచ్చింది వానికి, ఏం చేస్తాం."

"చిన్న సందేహం అన్నా. సంతకానికి ముందు తీరిస్తే చాలు. ఈ గనిలో మోటరు పెట్టి నీళ్లు తోడించింది ఎన్నేళ్లు?"

"పదేళ్లు. రెండు మోటార్లు. ఎందుకు?"

"రెండు మోటార్లకు తగ్గని నీళ్లున్న చోటుకు, నీళ్ల గడిలో ఒకటేసినావు."

సుబ్బన్న కాగితం తీసుకుని కళ్లద్దాలు పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. అంతసేపు చూడాల్సినంత రాత అందులో లేదు. తర్వాత తల కొట్టుకుని పెద్దగా నవ్వాడు.

"ఓ, ఇదా! నేనూ పొరబడినా అబ్బా. గనుల్లో పుట్టి పెరిగినోళ్లం, మాకు ఒకటంటేనే మేలు రకం. మార్కులని తెలీక షెడ్డు లెక్కన ఏసినా. పాపం చిన్నమ్మా అంతే గదా, తిరగేసి ఏసింది. ముసలోళ్లం, బడికి పోనోళ్లం, ఏం చేస్తాం చెప్పు."

 కృపాకర్ తల వంచుకున్నాడు.

"చిన్నమ్మ తిరగేసి వేసిందని నీకెవరు చెప్పినారన్నా?" ఓబులేసు గొంతు పెంచలేదు.

"ఊరంతా అనుకుంటాండారు."

"ఊరికి తెలీదు. సీఐ గారికే తెలీదు. ఆయన మొహం చూడు, నీకే తెలుస్తుంది."

మల్లేష్ మొహం నిజంగానే అలా ఉంది. కాగితం లాక్కుని చిన్నమ్మ వరస మీద వేలు పెట్టాడు. "తిరగేసి అంటే?"

"ఆమెకు ఒకటి మేలు, అయిదు పారబోసేది. పలకలు ఏరే లెక్క. కుళాయి కాడ జాకబ్ ముందు ఆమె నవ్వింది అందుకే. వాడి చోటును గెలిపించినా అనుకుంది. నీ పన్నెండు మంది సాక్షుల్లో ఒక్కర్నయినా 'ఆమె ఏమనింది' అని అడిగినావా?"

 ఓబులేసు కృపాకర్ వైపు తిరిగాడు.

"ఆ మాట తెలిసింది ఇద్దరికి. మనవరాలికి, నీకు. పిల్ల ఎవరికీ చెప్పలేదు."

"సార్..." కృపాకర్ ఒక అడుగు ముందుకు వేశాడు. "అధ్యక్షుడు కదా అని ఏడూ నలభైకి ఫోన్ చేసి చెప్పాను. మళ్లీ మీటింగు పెట్టాలంటే ఆయన అనుమతి కావాలి. నన్ను ఎవరికీ చెప్పొద్దన్నారు. మీ ఉద్యోగం కాపాడతానన్నారు."

"చెప్తే చెప్పినాడు!" సుబ్బన్న తుండు దులిపాడు. "వింటే నేరమా? విన్నోడల్లా హంతకుడా?"

"కాదు," అన్నాడు ఓబులేసు. "నువ్వు కూడా పొరబడినావు గాబట్టి మంచే జరిగింది. నీ మార్కులు కూడా తిప్పేద్దాం. గట్టుకు నువ్వేసిన నాలుగు ఇరవై అవుతుంది. అప్పుడు గట్టుకు అరవై ఏడు, రోడ్డుకు ముప్పై ఎనిమిది. ఇక అడ్డం లేదు. ప్లాంటు ఇక్కడే. కృపాకర్, పక్క గనిలో జేసీబీ పనిచేస్తాంది, పిలిపించు. పాయింటు ఇదీ."

బొరియ పక్కన కాలు ఆనించాడు.

"పాయింటు అది కాదు." సుబ్బన్న గొంతులో నవ్వు పోయింది. "గూటం అక్కడుంది."

"ఈరోజు అక్కడుంది. శనివారం ఇక్కడుండింది." ఫోనులో ఫోటో మల్లేష్ చేతికిచ్చాడు, కాగితంలో మడిచిన ఆకులు కూడా. "గూటం పీకిన బొరియ. లోపల ఆకులు, పైన ముక్కలు. చిన్నమ్మ మోపు ఊడిపడినాక ఎవడో పూడ్చినాడు. నువ్వు తాడు కట్టించిన చోటుకు ఆమె పోనేలేదు."

మల్లేష్ ఫోటోను, పొదను, బొరియను చూశాడు. మళ్లీ ఫోటోను చూశాడు. అతను మొండివాడే కానీ గుడ్డివాడు కాదు.

"ఆకులు గాలికి కూడా పడతాయి," అన్నాడు చివరికి, పట్టు వదలడం ఇష్టం లేక.

"పడతాయి. పడి, ఆరు రాళ్లు ఎత్తి, వాటి కింద దూరుకుని పడుకుంటాయా?"

రెండూ పదికి జేసీబీ వచ్చింది. కాలనీ జనం గట్టు మీద చేరారు. మల్లేష్ వాళ్లను తాడు అవతల నిలబెట్టించాడు. డ్రైవరు తొట్టి పైకెత్తి, ఎక్కడ అన్నట్టు చూశాడు. ఓబులేసు చెయ్యి చూపించాడు. తొట్టి దిబ్బ మొదట్లో దిగింది. పలకరాళ్లు కరకరమంటూ జారాయి. ఒకటి. రెండు. మూడోసారి దిగబోతుంటే సుబ్బన్న రెండడుగులు ముందుకేసి, ఆగి, అక్కడే కూలబడ్డాడు.

"మెల్లగా తవ్వమను," అన్నాడు. "ఇద్దరుండారు."

మల్లేష్ చెయ్యెత్తాడు. యంత్రం ఆగింది. దాని మోత ఆగాక సుబ్బన్న మాట చాలా చిన్నగా వినబడింది.

"నేను చంపలేదు. రాయి పగలగొట్టను మందు పెట్టినాం, పేలలేదు. లైసెన్సు లేని మందు. పోయి చూడమని గురవయ్యను పంపినా. దయామణి గంప తీసుకుని వెనకే దిగింది. అప్పుడు పేలింది. గని మూతబడుతుందని, జైలు అని... సాయంత్రానికి వాళ్ల మీద రెండు లారీల రాయి పోయించినా."

"లేచిపోయినారని ఎవరు పుట్టించినారు?"

"నేనే. ఊరు నమ్మింది. అట్లాంటి మాట ఊరు తొందరగా నమ్ముతుంది."

"చిన్నమ్మను?"

అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. "గూటం పీకుతుంటే వచ్చింది. ఎందుకు పీకుతాండావు అనింది. వదిలేయమన్నా. ఊర్లోకి పోయి చెప్తానని తిరిగింది. చెయ్యి పట్టుకున్నా."

"పట్టుకున్నావు. తర్వాత గుంట అంచున వదిలినావు."

 మల్లేష్ సుబ్బన్న చెయ్యి పట్టి లేపి జీపు ఎక్కించాడు. పక్కకు పోయి స్టేషన్‌కు ఫోన్ చేశాడు. రెండూ నలభై.

"రిమాండ్ రిపోర్టు ఆపు. ఆపమన్నా. ఆ జాకబ్‌ను తీసుకుని గని కాడికి రా... బేడీలెందుకురా, వద్దు." ఫోన్ జేబులో పెట్టుకుని ఓబులేసు వైపు తిరిగాడు. "మీ లెక్క గెలిచింది. ఒప్పుకున్నా. కానీ ఒకటి అడుగుతా. పంతొమ్మిదేళ్ల కింద ఆ మిస్సింగ్ కేసు మూసినప్పుడు సాక్షి ఎవరు?"

"సుబ్బన్న."

"ఒక్కడేనా?"

"ఒక్కడే. గట్టు మీదికి కూడా రాలేదు నేను. స్టేషన్లో కుర్చీలో కూర్చుని రాసినా."

"నేనయితే మిమ్మల్ని వదిలేవాణ్ని కాదు."

"వదలొద్దు," అన్నాడు ఓబులేసు. "నా స్టేట్‌మెంట్ కూడా రాయి. మొదట అదే రాయి."

మూడూ పదికి జాకబ్ వచ్చాడు. ఫెబీ అతని చొక్కా కొస పట్టుకుని పక్కనే నడుస్తోంది, వదిలితే మళ్లీ ఎవరో లాక్కుపోతారన్నట్టు. పైన దిబ్బలో మనుషులు యంత్రాన్ని పక్కన పెట్టి చేతులతో రాళ్లు తీస్తున్నారు. లక్ష్మీప్రియ ఆ అంచున నిలబడి, వాళ్లు తీసి పెట్టిన వెండి మొలతాడు వైపు చూస్తోంది. దాని పక్కనే, మట్టి కొట్టుకుపోయి, రెండు గాజులు.

జాకబ్ దూరం నుంచే ఆగిపోయాడు. తనను విడిచిపెట్టారన్న సంగతి ఇంకా అతని మొహంలోకి రాలేదు.

"పెదనాయనా, ప్లాంటుకేనా తవ్వేది? ఆ గాజులెవరివి?"

మల్లేష్ నోరు తెరిచాడు. ఓబులేసు చేత్తో ఆపాడు. జాకబ్ దగ్గరికి పోయి, దెబ్బ తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు.

"మీ అమ్మ ఎక్కడికీ పోలేదురా," అన్నాడు. "పోయిందని రాసింది నేను."